సడక్ పొంటి తంగేడు

పోయిన నెల మనవడి కారులో పెద్ద రోడ్డు మీద పోతుంటే, ఫోన్ మాట్లాడాలని వాడు ఒకచోట ఆపాడు. రోడ్డు అంచున కొందరు ఆడవాళ్ళు గుంతలు తీసి మొక్కలు పెడుతున్నారు. అద్దం దించి చూశాను. తంగేడు! ఎక్కడో నర్సరీలో పెంచి, నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి తెచ్చిన తంగేడు.

"ఏందమ్మా, తంగేడు గూడ తెచ్చి పెడుతున్నరా?" అని అడిగాను.

"అవునవ్వా. ఈడ మునుపున్న చెట్లే మళ్ళ పెట్టాల్నట. ఆర్డర్ అచ్చింది" అంది ఒకామె, వంచిన నడుము ఎత్తకుండానే.

నాకు నవ్వు ఆగలేదు. మనవడు ఫోన్ పక్కన పెట్టి "ఏమైంది నానమ్మా?" అన్నాడు. ఏమని చెప్పను? ఇదే పనిని ఏ ఆర్డరూ లేకుండా, ఏ నర్సరీ లేకుండా, ఉత్త బర్రె పేడతో చేసిన మనిషిని నేనెరుగుదును. ఎరుగుదునని చెప్పుకోవడం నాకు గొప్ప. తొంభై దాటినదాన్ని, ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను?

ఆమె పేరు నాకు తెలియదు. గల్లీలో అందరికీ ఆమె పాలవ్వే. పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు అప్పటికే పోయి ఉంటారు. పొట్టి మనిషి, నల్లటి మనిషి. గోచి పెట్టి కట్టిన నీలం చీర, కాళ్ళకు వెండి కడియాలు, కొంగు ముడిలో ఎప్పుడూ ఒక ఆరిపోయిన చుట్టముక్క. గొంతు మాత్రం దేవుడు ఏ పహిల్వాన్ కోసమో చేసి పొరపాటున ఈమెకు పెట్టాడు. గల్లీ మొదట్లో ఆమె దగ్గితే గల్లీ చివర మేము పాలగిన్నె కడిగి పెట్టుకునేవాళ్ళం.

నేను సైదాబాద్‌కు కొత్త కోడలిగా వచ్చిన ఆ రోజుల్లో ప్రపంచయుద్ధం నడుస్తోంది. మా మామకు గల్లీలో చిన్న కిరాణా దుకాణం ఉండేది. గల్లీ దాటితే ఇబ్రహీంపట్నం పోయే సడక్. దాని మీద ఎడ్లబండ్లు, సైకిళ్ళు, పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గుల పీపా తగిలించుకుని దగ్గుకుంటూ పోయే బస్సు. సడక్ అవతల, ఇప్పుడు సంతోష్‌నగర్ ఇళ్ళున్న దిక్కున, అప్పుడంతా బీడు. ఆ బీట్లోనే పాలవ్వ బర్రెల కొట్టం, దాని పక్కన ఆమె, కొడుకు, కోడలు ఉండే ఇల్లు.

పాలు పోసే వేళ ఆమెకూ మా అత్తకూ రోజూ ఒకటే తగవు.

"ఏందక్కా, పాలు గిట్ల పల్చగున్నయి? నీళ్ళు కలిపినవా?"

"బర్రె కడివెడు నీళ్ళు తాగుతది శెల్లె. తాగిన నీళ్ళు పాలల్లకు రాకుంట ఏడికి పోతయి?"

మా అత్త గొణుక్కుంటూ గిన్నె ముందుకు జరిపేది. కానీ కొసరు పోయడంలో పాలవ్వది ధారాళమైన చెయ్యి. గిన్నె నిండాక ఇంకాస్త వంచి, నాలుకతో టక్కుమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు చేస్తేనే ఆమె లెక్కలో కొసరు పోసినట్టు. అది వినపడేదాకా మా అత్త గిన్నె లోపలికి తీసేది కాదు.

నాకు ఆమెలో బాగా నచ్చింది ఏమిటంటే, అణకువ అనేది బొత్తిగా లేకపోవడం. తన బర్రెలంత చక్కని బర్రెలు షహర్లో లేవు. తన పెరుగు లాంటి పెరుగు చార్మినార్ చుట్టూ వెతికినా దొరకదు. తను కొట్టిన పిడక మీద వేళ్ళ ముద్ర కూడా అందంగా పడుతుంది. "పని జేసి సప్పుడు జెయ్యకుంటే జెయ్యనట్టేనే పిల్లా" అని నాకు బుద్ధులు చెప్పేది. కొత్త కోడలు నోరు విప్పకూడదని మా ఇంట్లో నేర్పుతుంటే, ఈమె గుమ్మంలో నిలబడి ఇలాంటివి నేర్పేది.

ఆమె భర్త పోయి చాలా కాలమైంది. ఆ రోజుల్లో మా గల్లీలో భర్త పోయినామె బతుకమ్మ పేర్చడానికి కూర్చునేది కాదు. వద్దని ఎవరూ గట్టిగా అనరు. ఆమే వెళ్ళి గోడ పక్కన నిలబడుతుంది. అదొక రివాజు. ఆ రివాజు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాలవ్వ మాత్రం అందులోనే ఒక సందు వెతుక్కుంది. బతుకమ్మ రోజుల్లో పొద్దున్నే వస్తూ వస్తూ, సడక్ అంచున పూసిన తంగేడు తెంపి, మోపు కట్టి, పాలకడవ మీద పెట్టుకుని వచ్చేది. ప్రతి ఇంటికీ పాలతో పాటు ఇంత తంగేడు. "ఇగో, నీ బతుకమ్మకు నా తంగేడు" అని చేతిలో పెట్టేది. మా గల్లీలో ఏ బతుకమ్మ లేచినా అడుగున మొదటి వరుస ఆమె తెచ్చిన పువ్వే. పేర్చే దగ్గర చోటు లేకపోయినా, పండుగలో ఆమె వాటా ఆమెకు అట్లా ఉండేది.

నేను వచ్చిన మరుసటి యేడు సడక్ వెడల్పు చేశారు. రెండు అంచుల మన్నూ తవ్వి సడక్ మీద పోసి, పెద్ద రోలర్ ఇంజన్ తెచ్చి తొక్కించారు. మన్నుతో పాటు తంగేడు కూడా వేళ్ళతో సహా పోయింది. దాని బదులు, బంగ్లాల ముందు కనిపించే ఏవో ఆకుచెట్లు తెచ్చి పెట్టారు. మేకలు అందినన్ని తిన్నాయి, మిగిలినవి ఆ ఎండాకాలానికి మాడిపోయాయి. ఆ యేడు బతుకమ్మకు పాలవ్వ ఉత్త పాలకడవతో వచ్చింది. మా అత్త అలవాటుగా పువ్వుల కోసం చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మా మామ ఊళ్ళ నుంచి వచ్చే బండివాళ్ళకు చెప్పి వడలిన తంగేడు తెప్పించాడు. గడపలో ఉన్న ఆ మోపును చూసి పాలవ్వ మొహం చిన్నబుచ్చుకుని, కొసరు పోయడం మరిచిపోయి వెళ్ళిపోయింది. తన వాటా ఎవరో లాక్కున్నారని ఆమె బాధ. అది నాకు ఆ పొద్దే అర్థమైంది.

ఆ చలికాలంలో దూరాన ఎక్కడెక్కడి బీళ్ళో తిరిగి, ఎండిన తంగేడు కాయలు ఒడినిండా ఏరుకొచ్చింది. "పోయిన తంగేడు నేనే పెడత" అంది. ఎట్లా పెట్టాలో మాత్రం ఆమెకు తెలియదు. తంగేడును ఎవరు పెట్టారు గనక? అది తనంతట తాను మొలిచేది. ఊరికే చల్లితే గాలికి పోతాయి, తవ్విన నేలలో సత్తువ లేదు. అందుకని తనకు చేతనైన ఒకే ఒక్క విద్యను వాడింది. గింజలను పేడలో కలిపి పిసికి పిడకలు చేసింది. వానలు పడగానే వాటిని సడక్ పొంటి పాతిపెట్టాలని ఆమె ఆలోచన.

ఆలోచన మంచిదే. కానీ పిడకను ఎక్కడ ఆరబెడతారు? గోడకు కొడతారు. ఆమె ఇంటి గోడ మీద పొయ్యిలోకి వాడే పిడకలు ఎప్పుడూ ఉంటాయి. వాటి పక్కనే ఈ గింజల పిడకలూ కొట్టింది. కోడలికి చెప్పాననుకుంది. కోడలు ఏదో విన్నాననుకుంది. ఎండలు ముదిరాక చాయ్ హోటల్ నుంచి పిడకల కోసం మనిషి వస్తే, ఆ పిల్ల గోడ మొత్తం ఒలిచి బండికెత్తించింది.

పాలవ్వ వచ్చి చూస్తే గోడ నున్నగా ఉంది. ఊడిన కొప్పు ముడి వేసుకుంటూనే హోటల్‌కు పరుగెత్తింది. అప్పటికే పొయ్యి గుమ్మని మండుతోంది.

"క్యా హువా అమ్మా? చాయ్ తాగుతవా?" అన్నాడట హోటల్ భాయ్.

చేసేదేముంది, అక్కడే బల్ల మీద కూలబడి చాయ్ తాగి వచ్చింది. "మస్తున్నది చాయ్. నా తంగేడంత పొయ్యిల వెట్టి కాసిరి మరి!" అని గల్లీ అంతా తనే చెప్పి నవ్వించింది. కోడలికి ఆ రోజు నుంచి చాయ్‌పిల్ల అని పేరు పెట్టింది. నవ్వించింది గానీ, ఇంకో పండుగ తంగేడు లేకుండా గడుస్తుందని ఆమెకు తెలుసు.

మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ కాయలు ఏరింది. ఈసారి పిడకలు కొట్టలేదు. లడ్డూల్లా ఉండలు చుట్టి కొట్టం కప్పు మీద ఆరబెట్టింది. కోడలిని పిలిచి, "ఇగో చాయ్‌పిల్లా, ఇవి పొయ్యిలకు గావు. నోట్లెకు గూడ గావు. ఎరుకైందా?" అని నా ఎదురుగానే చెప్పింది. మిరుగం కార్తె తొలి చినుకులు పడగానే, పాలు పోసి తిరిగిపోయే దారిలో, సడక్ అంచున కొడవలి మొనతో గీకి ఒక్కొక్క ఉండా పాతింది. ఒక పూట ఆమె మా ఇంట్లో మరిచిపోయిన కడవ ఇచ్చి రమ్మని అత్త పంపితే నేనూ కూర్చుని కొన్ని పాతాను. ఇంటికొచ్చాక చేతులు వాసన చూసి మా ఆయన ముక్కు మూసుకున్నాడు.

అన్నీ మొలవలేదు. మొలిచినవి మాత్రం గట్టిగా నిలబడ్డాయి. మేకలు తంగేడును ముట్టవు, అది మా అదృష్టం. బండ్లు అంచు దిగకుండా చూడటం ఆమె గొంతు పని. "ఓ బండీ! కండ్లు నెత్తిమీదున్నయా?" అని కొట్టం దగ్గర నుంచి అరిస్తే ఎడ్లు సైతం పక్కకు జరిగేవి. మొక్కలను కూడా బర్రెలను అదిలించినట్టే అదిలించేది. "హోయ్, లే! నిన్న ఎంతున్నవో గంతనే ఉన్నవు." బొగ్గులు ఎగదోసుకోవడానికి బస్సు ఆగితే చాలు, దిగినవాళ్ళనందరినీ పిలిచి చూపించేది. వాళ్ళకు అక్కడ రోడ్డు పక్కన పెరిగే కంప తప్ప ఏమీ కనపడేది కాదు. అయినా ఆ గొంతుకు భయపడి బాగుందని తలలు ఊపేవాళ్ళు.

ఇంకో వానాకాలం గడిచింది, మొక్కలు నడుమెత్తు పొదలయ్యాయి. వాటికి మొట్టమొదటిసారి మొగ్గ పడిన రోజుల్లో రోడ్డు దరోగా వచ్చాడు. ఆ సడక్ బాగోగులు చూసే నౌకరీ ఆయనది. నెరిసిన గడ్డం, రూమీ టోపీ, సైకిల్‌కు కట్టుకున్న గొడుగు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళంటే భయం, కిందివాళ్ళను భయపెట్టడం చేతకాదు.

"క్యా అమ్మా, ఈ జంగిల్ ఏంది? సర్కారీ సడక్ ఇది."

"సడక్ సర్కారుదే సాబ్. మన్ను గూడ సర్కారుదే. గింజలు నాయి, పెండ నా బర్రెది."

"అదంత నాకు దెల్వది. దసరా లోపల బడేసాబ్ మోటర్ల వస్తుండు సడక్ చూసెతందుకు. రెండు దిక్కుల సఫా ఉండాలె. రేపు మజ్దూర్లను పంపుత."

గల్లీ వాళ్ళం ఇక తిట్లు మొదలవుతాయని చెవులు రిక్కించాం. పాలవ్వ తిట్టలేదు. కొట్టంలోకి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగేదాకా ఊరుకుంది.

"సాబ్, ఒక్క మాట. మొగ్గ మీదున్నదాన్ని నరకకు. బడేసాబ్ పువ్వుతోని చూడనియ్యి. పువ్వుతోని చూసి గూడ ఆయన జంగిల్ అంటే, కొడవలి నేనే తెస్త. నా చేత్తోనే కోసి పడేస్త."

దరోగా గడ్డానికి అంటిన మజ్జిగ తుడుచుకున్నాడు. "పూలుంటే ఆయన మర్జీ. పూలు లేకుంట ఉత్త కంప కనబడితే నా నౌకరీ పోతది. గట్లయితే అదే రోజు సఫా. ఠీక్?"

"ఠీక్ సాబ్."

బడేసాబ్ ఏ రోజు వస్తాడో ఆయనకే తెలియదు. దసరా లోపల అన్నారు, అంతే. ఆ ఒప్పందం ఎంత బరువైనదో మాకెవరికీ ఆ పూట తట్టలేదు. పెత్రమాస నాడు, మొదటి బతుకమ్మ రోజున తట్టింది.

ఆ పొద్దున సడక్ రెండు అంచులూ కన్ను ఆనినంత దూరం పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. గల్లీ ఆడవాళ్ళం గంపలు చంకన పెట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ పోయాం. పాలవ్వ బర్రెల కర్ర అడ్డం పెట్టి నిలబడి ఉంది.

"ఒక్క పువ్వు గూడ తెంపొద్దు" అంది.

"మతి ఉన్నదా అక్కా?" మా అత్త గంప కింద పడేసింది. "పండుగకని పెట్టి పండుగకు తెంపొద్దంటవేంది?"

"సాబ్ వచ్చిపొయ్యేదాంక పువ్వు చెట్టు మీదనే ఉండాలె. లేకుంటే నరికిస్తరు. ఇయ్యాల తెంపితే ఈ యేడే శెల్లె. తెంపకుంటే యేటేట."

"తంగేడు లేంది బతుకమ్మ ఎట్లయితది? నీకేంది! నువ్వు పేర్చేదున్నదా, ఎత్తుకునేదున్నదా!"

అత్త కోపంలో అనేసింది. అనగానే అందరం నేల చూపులు చూశాం. పాలవ్వ కర్ర పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

"నిజమే శెల్లె. నేను పేర్చేది లేదు" అంది. "గందుకే కావలి నేనుంట."

ఆ పండుగ రోజులన్నీ మా గల్లీ బతుకమ్మ గునుగుతో, బంతితో, గుమ్మడిపూలతో లేచింది. చూడటానికి బాగానే ఉంది. కానీ పాడుతూ తిరిగే ఒక్కొక్కరి కళ్ళూ అడుగు వరుస మీదికే పోయేవి. ఆడవాళ్ళు పాలవ్వతో మాటలు మానేశారు. మా అత్త పాలు కూడా మానేసి వేరేవాడి దగ్గర పోయించుకుంది. ఆ పాలు కాచీ కాచగానే విరిగాయి. విరిగిన పాలలో బెల్లం వేసి, ఇదే రుచి అని మాకు బలవంతంగా తినిపించింది గానీ ఆమెను మాత్రం పిలవలేదు.

పాలవ్వ బర్రెలను సడక్ అంచుకు తెచ్చి కట్టేసింది. అక్కడే పాలు పిండింది, అక్కడే తిన్నది. దొంగచాటుగా వచ్చిన పిల్లలను కర్రతో తరిమింది. రోజూ రాలిన పువ్వులు చూసుకుంటూ, విచ్చబోయే మొగ్గలు తడుముకుంటూ తిరిగేది. దసరా దాకా పువ్వు ఆగుతుందో లేదోనని ఆమెకు భయం. అన్ని రోజులు ఆమె గొంతు వినపడకపోతే గల్లీకి గల్లీయే బోసిపోయింది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ నీలం చీరను చూసుకునేదాన్ని. అందరి కోసమే అందరికీ దూరమైన ఆ మనిషిని చూస్తే నాకు గుండె నిండేది.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం దరోగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు, ఎండలో గొడుగు కూడా తెరవకుండా. "ఆ రహే హైఁ! వస్తుండ్రు!"

గల్లీ అంతా సడక్ మీదికి ఉరికింది. మాటలు మానేసినవాళ్ళే అందరికంటే ముందున్నారు. దరోగా షేర్వానీ గుండీలు పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక కొడవళ్ళతో మజ్దూర్లు. పాలవ్వ కూడా తన కొడవలి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, ఇచ్చిన మాట ప్రకారం.

మోటర్ వచ్చింది. మా ముందర ఒక గుంత ఉండటంతో వేగం తగ్గింది. వెనక సీట్లో బడేసాబ్ తల పక్కకు వాల్చి, నోరు కాస్త తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు. గుంతలో కుదుపుకు టోపీ కళ్ళ మీదికి జారినా లేవలేదు. మోటర్ దాటిపోయింది. దుమ్ము మా మీదా తంగేడు మీదా పడింది.

అందరం దరోగా మొహమే చూస్తున్నాం. ఆయన రుమాలుతో దుమ్ము తుడుచుకుని, సడక్ చివరి దాకా ఆ పసుపు అంచులను చూశాడు. అంతకుముందు ఆయన వాటిని అంత నిదానంగా చూడలేదు.

"సాబ్ ఏం జెప్పలే" అన్నాడు చివరికి.

"అంటే?" పాలవ్వ గొంతు పూచికపుల్లంత వచ్చింది.

"అంటే హుకుం లేదు. హుకుం లేకుంట సర్కారీ సడక్ మీది చెట్టు నేనెట్ల నరుకుత? నా నౌకరీ పోదా?" మజ్దూర్లను పొమ్మని చెయ్యి ఊపి, సైకిల్ ఎక్కి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

పాలవ్వ కాళ్ళ దగ్గరి కొడవలిని పక్కకు తోసి, గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఏం జూస్తుండ్రు? తెంపుండ్రి! కొనకు ఇన్ని విడువుండ్రి, గింజలు గావాలె!"

ఆ కేకకు బర్రెలు కూడా తలెత్తాయి. ఆడవాళ్ళు గంపలతో పొదల మీద పడ్డారు. మా అత్త మాత్రం తెంపలేదు. నన్ను ఇంటికి పంపి, గుమ్మడాకులు పరిచిపెట్టిన తాంబాలం తెప్పించింది. దాన్ని తీసుకెళ్ళి సడక్ అంచున పాలవ్వ ముందు పెట్టింది.

"మొదటి వరుస నువ్వు పేర్చు అక్కా."

పాలవ్వ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "నేనా? వద్దు శెల్లె. రివాజు లేదు."

"పేర్చొద్దని ఎవల హుకుం ఉన్నది?" అంది మా అత్త. "ఆనాడు నోరు జారిన. మనసుల పెట్టుకోకు. కూసో."

పాలవ్వ చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది. బర్రె పొదుగు పట్టే ఆ వేళ్ళకు పూల కాడలు చిక్కలేదు. ఎన్నేళ్ళ కిందటో మరిచిన పని. ఒక పక్క ఒత్తుగా, ఒక పక్క పలుచగా వచ్చింది వరుస. "నాకు పాలు పిండుడే వస్తదే" అని ముక్కు చీదుకుంటూనే చుట్టూ తిప్పి ముగించింది. దాని మీద మేమంతా తంగేడు, గునుగు, మళ్ళీ తంగేడు పేర్చుకుంటూ పోయాం. సందె వేళకు బతుకమ్మ నా నడుమెత్తు లేచింది. పలుచటి దిక్కుకు బాగా ఒరిగింది కూడా. విప్పి సరిచేద్దామని ఒక్కరూ అనలేదు. మా అత్త దాన్ని అట్లాగే తలకెత్తుకుంది. ఒరిగిన పక్కన పాలవ్వ అరచెయ్యి ఆనించి పట్టుకుని, మా గల్లీ ఆడవాళ్ళందరికంటే ముందు నడిచింది.